గర్భిణులకు పాద మర్దన: శిక్షణ, భద్రత విషయంలో గమనించవలసిన అంశాలు

గురజాల: గర్భిణీ స్త్రీల పాదాలకు నూనె రాసి, నొప్పి ఉన్నచోట నొక్కి ఉపశమనం కలిగించటం తెలుగు ప్రాంతాలకు కొత్త విషయం కాదు. పల్లెల్లో తల్లిగానీ, అత్తగానీ, పురుళ్ళు పోసిన అనుభవం గల మంత్రసానిగానీ ఈ పని చేసేవారు. కాలక్రమంలో ఇదే పని ‘రిఫ్లెక్సాలజీ’, ‘ఫుట్ థెరపీ’, ‘ఆక్యుప్రెషర్’ అనే పేర్లతో రుసుము తీసుకొని చేసే వృత్తిగా మారింది. ఇంటిలో అత్తగారు కాళ్ళు పట్టినప్పుడు ఎవరూ అడగని ప్రశ్నను, డబ్బు తీసుకొని ఆ పని చేసేవారిని మాత్రం తప్పక అడగవలసి ఉన్నది. వారు పొందిన శిక్షణ ఏమిటి? ఏ గర్భిణి పాదాలను ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపవలెనో వారికి తెలియునా?

ఈ ప్రశ్న గురజాల వంటి ప్రాంతాలలో మరింత ముఖ్యమైనది. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడివడి ఏర్పడిన పల్నాడు జిల్లాలో గురజాల ఒక రెవిన్యూ డివిజన్ కేంద్రం. నలగామరాజు రాజధానిగా, నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిపిన ఊరుగా పల్నాటి చరిత్రలో దీనికి స్థానం కలదు. నేటి గురజాల డివిజన్ స్త్రీలు మిరప కోతల్లోను, పత్తి తీతల్లోను, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల వద్ద గంటల తరబడి నిలబడి, వంగి పనిచేస్తారు. వారిలో గర్భిణులు కూడా ఉంటారు. సాయంత్రానికి కాళ్ళు బరువెక్కటం, పిక్కలు పట్టేయటం, చీలమండల వద్ద వాపు కనిపించటం వారికి నిత్యానుభవం. ‘నెలలు నిండుతున్నాయి, కాళ్ళకు నీరు దిగింది, మామూలే’ అన్న మాట ప్రతి ఇంటా వినిపిస్తుంది. చాలా సందర్భాలలో అది నిజంగానే మామూలు విషయం. మామూలు కాని కొద్ది సందర్భాలను గుర్తించలేకపోవటమే ప్రమాదానికి మూలం.

రిఫ్లెక్సాలజీ అంటే ఏమిటి?

పాదాలలోని ఆయా స్థానాలకు, శరీరంలోని ఆయా అవయవాలకు సంబంధం ఉన్నదని, ఆ స్థానాలను బొటనవ్రేలితో క్రమపద్ధతిలో నొక్కటం ద్వారా శరీరానికి మేలు కలుగునని ఈ విధానం భావిస్తుంది. అమెరికాకు చెందిన విలియం ఫిట్జెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు శరీరాన్ని నిలువుగా పది మండలాలుగా విభజించి ‘జోన్ థెరపీ’ని ప్రతిపాదించారు. 1917లో ఆ పేరుతో పుస్తకం వెలువడింది. తరువాత అదే దేశానికి చెందిన యూనిస్ ఇంగమ్ ఆ భావనను పాదాలకు పరిమితం చేసి, 1930వ దశకంలో నేటి రిఫ్లెక్సాలజీకి రూపం కల్పించారు. ఆక్యుప్రెషర్ చైనా సంప్రదాయానికి చెందినది. దాని బిందువులు వేరు, సిద్ధాంతం వేరు. బోర్డులపై ఈ రెండు పేర్లను కలిపి రాయటం వాడుకలో ఉన్నప్పటికీ అవి ఒకటి కావు.

పాదంలోని ఒక బిందువుకు గర్భాశయంతో నేరుగా సంబంధం ఉన్నదనుటకు శరీర నిర్మాణ శాస్త్రంలో ఆధారం లేదు. అయితే పాదాలను నెమ్మదిగా నొక్కినప్పుడు మనసు తేలికపడటం, అలసట తగ్గినట్లు అనిపించటం వాస్తవం. ఈ రెండు విషయాలనూ కలగలపకుండా చూడటం అవసరం. ఆస్ట్రేలియాలో జరిగి, 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. నెలలు నిండుతున్న 55 మంది గర్భిణులలో కొందరికి రెండు రకాల రిఫ్లెక్సాలజీ చేసి, మరికొందరికి విశ్రాంతి మాత్రమే ఇచ్చి, చీలమండ, పాదాల చుట్టుకొలతను కొలిచారు. వాపు తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయినప్పటికీ చికిత్స పొందిన స్త్రీలు అసౌకర్యం, అలసట తగ్గినట్లు చెప్పారు. అనగా వాపు ఉన్నచోటనే ఉన్నది. బాధ మాత్రం తగ్గినట్లు తోచింది. హాయి దృష్టితో చూస్తే ఇది మంచి ఫలితమే. భద్రత దృష్టితో చూస్తే ఇందులోనే ఒక హెచ్చరిక కూడా ఉన్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో విడుదల చేసిన గర్భిణీ సంరక్షణ సూచనలలో కాళ్ళ వాపు, ఉబ్బిన సిరల ఉపశమనానికి కాళ్ళను ఎత్తులో ఉంచటం, బిగుతైన మేజోళ్ళు ధరించటం, నీటిలో కాళ్ళు ఉంచటం వంటి మార్గాలను పేర్కొన్నది. నడుము నొప్పికి వ్యాయామం, ఫిజియోథెరపీ వంటివి సూచించింది. 2018లో ప్రసవ సమయ సంరక్షణపై ఇచ్చిన సూచనలలో, ఆరోగ్యవంతురాలైన స్త్రీ కోరినట్లయితే నొప్పుల సమయంలో మర్దన, వెచ్చని కాపడం ఉపయోగించవచ్చునని తెలిపింది. కావున చేతి స్పర్శకు వైద్యశాస్త్రం వ్యతిరేకం కాదు. ఎవరు, ఎప్పుడు, ఎవరికి చేయవలెనన్నదే ప్రశ్న.

వాపు చెప్పే సంగతి

గర్భం దాల్చిన 20 వారాల తరువాత కొందరిలో రక్తపోటు పెరుగుతుంది. అది 140/90 లేదా అంతకు మించి, మూత్రంలో ప్రోటీన్ కనిపించినట్లయితే దానిని ప్రీ ఎక్లాంప్సియా అంటారు. ముదిరినచో మూర్ఛలు వస్తాయి. పల్లెల్లో పెద్దలు దీనినే గుర్రపు వాతం అంటారు. ఆ పేరు తరతరాలుగా వాడుకలో ఉండటాన్ని బట్టి, ఈ వ్యాధి ఎన్ని ఇళ్ళలో విషాదం నింపినదో ఊహించవచ్చు. 2014లో ప్రచురితమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ విశ్లేషణ ప్రకారం ప్రపంచవ్యాప్తంగా మాతృ మరణాలలో సుమారు 14 శాతం రక్తపోటు సంబంధిత వ్యాధుల వల్ల సంభవిస్తున్నాయి.

ఈ వ్యాధికి తొలి దశలో నొప్పి ఉండదు. గర్భిణికి తాను ఆరోగ్యంగానే ఉన్నట్లు అనిపిస్తుంది. బయటికి కనిపించేది కాళ్ళ వాపు. అది సాధారణ గర్భిణులలో కూడా ఉంటుంది కనుక కేవలం వాపును చూసి వ్యాధి అని చెప్పలేము. లేదని కూడా చెప్పలేము. తెల్లవారి లేచిన తరువాత కూడా తగ్గని వాపు, ముఖంపై, చేతులపై కనిపించే వాపు, ఉంగరం, గాజులు బిగుసుకుపోవటం, ఒక్కసారిగా బరువు పెరగటం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారటం, డొక్క పైభాగాన కుడివైపు నొప్పి కనిపించినచో ఆ రోజే రక్తపోటు చూపించుకోవలెను. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మర్దన చేయరాదు.

పాదాలను చేతిలోకి తీసుకునే వ్యక్తికి డాక్టరు కంటె ముందుగా ఈ వాపు కనిపిస్తుంది. నెలకొకసారి పరీక్షకు వెళ్ళే గర్భిణి, వారానికొకసారి పాద మర్దన చేయించుకోవచ్చు. శిక్షణ పొందిన మనిషి అయితే వేలితో నొక్కి చూసి, గుంట పడి అలాగే నిలిచిపోతున్నదని గమనించి, ‘అమ్మా, ఈ రోజు మర్దన వద్దు, ముందు ఏఎన్ఎం దగ్గరకు వెళ్ళి బీపీ చూపించుకోండి’ అని చెబుతారు. శిక్షణ లేని మనిషి ‘నీరు దించుతాను’ అని అరగంట నొక్కి పంపుతారు. గర్భిణికి హాయిగా ఉంటుంది. ఆస్ట్రేలియా అధ్యయనంలో వలెనే బాధ తగ్గినట్లు తోస్తుంది. రక్తపోటు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మర్దన నేరుగా చేసే హాని కంటె, అది కలిగించే ధీమా వల్ల జరిగే ఆలస్యమే ఎక్కువ ప్రమాదకరమని చెప్పవలసి ఉన్నది.

రక్తపోటును సకాలంలో గుర్తిస్తే చికిత్స దుర్లభం కాదు. రక్తపోటును తగ్గించే మాత్రలు, మూర్ఛలను నివారించే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షను అందుబాటులో ఉన్నాయి. పెద్దాసుపత్రికి పంపే ముందు ఈ ఇంజెక్షను మొదటి మోతాదును శిక్షణ పొందిన ఏఎన్ఎం సైతం ఇవ్వవచ్చునని 2010 నాటి జాతీయ మార్గదర్శకాలు అనుమతించాయి.

రెండవ ప్రమాదం సిరల్లో రక్తం గడ్డకట్టటం. సాధారణ స్త్రీలతో పోల్చినచో గర్భిణులలో ఇది నాలుగైదు రెట్లు అధికం. ఎక్కువగా ఎడమ కాలిలో వస్తుంది. రెండు కాళ్ళూ సమానంగా ఉబ్బితే ఒక సంగతి. ఒక కాలు మాత్రమే ఉబ్బి, పిక్కలో నొప్పి, వెచ్చదనం, ఎరుపు కనిపిస్తే అది మరొక సంగతి. అటువంటి పిక్కను గట్టిగా రుద్దినచో గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయం కలిగించవచ్చు. పిక్క నొప్పికి మర్దనే మందు అని నమ్మే ప్రాంతాలలో ఈ సంగతి అందరికీ తెలియవలసి ఉన్నది.

ఈ ప్రమాదం కాన్పుతో ముగిసిపోదు. రక్తం గడ్డకట్టే అవకాశం కాన్పు తరువాతి ఆరు వారాలలోనే అత్యధికం. శస్త్రచికిత్స ద్వారా కాన్పు అయినవారిలో అది మరింత పెరుగుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు శస్త్రచికిత్స ద్వారా జరిగాయి. మరొకవైపు బాలింతకు ఒళ్ళంతా నూనె పట్టించి, కాళ్ళు, నడుము, పొట్ట మర్దించి వేడినీళ్ళు పోయటం మన ఆచారం. ఆ ఆచారం రూపుదిద్దుకున్న రోజులలో కడుపు కోసి బిడ్డను తీయటం పల్లెలకు తెలియదు. కుట్లు మానని పొట్టను, రక్తం గడ్డకట్టే అవకాశం ఉన్న పిక్కలను పాతరోజులలో వలె మర్దించటం తగదు. గర్భిణుల పాద మర్దన గురించి మాట్లాడేవారు బాలింతల మర్దనను విస్మరించటం తరచుగా జరుగుతున్నది.

మరికొన్ని జాగ్రత్తలు

తొలి మూడు నెలలలో మర్దన చేయకుండుట మంచిదని వృత్తిలో ఉన్నవారిలో పలువురు పాటిస్తారు. మర్దన వల్ల గర్భస్రావం జరుగునని రుజువైనందువల్ల కాదు. తెలిసిన గర్భాలలో సుమారు 10 నుండి 15 శాతం వరకు సహజంగానే నిలవవు. ఆ సమయంలో మర్దన చేసినచో, జరిగిన దానికి కారణం అదేనన్న అనుమానం ఆ కుటుంబాన్ని జీవితాంతం వెంటాడవచ్చు. చీలమండకు లోపలివైపు నాలుగు వేళ్ళ పైన ఉండే బిందువును నొక్కినచో నొప్పులు వచ్చునని ఆక్యుప్రెషర్ సంప్రదాయం చెబుతుంది. కనుక నెలలు నిండేవరకు దానిని నొక్కరాదని నియమం. నొప్పులు తెప్పించటానికి ఆక్యుప్రెషర్ ఉపయోగంపై 2017లో వెలువడిన కాక్రేన్ సమీక్షలో, శస్త్రచికిత్స కాన్పులు తగ్గుటకు స్పష్టమైన ప్రయోజనం కనిపించలేదు. కాబట్టి ‘గడువు దాటింది, నొప్పులు తెప్పిస్తాను’ అని ఎవరైనా హామీ ఇచ్చినచో అది నమ్మదగినది కాదు. గడువు దాటిన గర్భిణి వెళ్ళవలసినది ఆసుపత్రికి. కాన్పు కోసం ఆముదం తాగించటం కూడా ఈ కోవలోనిదే.

రక్తస్రావం అవుతున్నవారికి, మాయ కిందికి ఉన్నదని స్కానింగ్‌లో తెలిసినవారికి, ఉమ్మనీరు పోతున్నవారికి, నెలలు నిండకముందే నొప్పులు వచ్చినవారికి, జ్వరం ఉన్నవారికి, బిడ్డ కదలిక తగ్గినవారికి మర్దన ప్రసక్తే లేదు. ఆరోగ్యంగా ఉన్నవారిని సైతం అయిదవ నెల దాటిన తరువాత వెల్లకిల పడుకోబెట్టి ఎక్కువసేపు ఉంచరాదు. గర్భాశయం బరువు పెద్ద సిరపై పడి రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరుగుతాయి. దిండ్లు ఆనించి కూర్చోబెట్టటం, లేదా ఎడమవైపుకు ఒత్తిగిలి ఉంచటం మేలు. చాలాకాలంగా మధుమేహం ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గి ఉండవచ్చు. వేడినీటి తొట్టిలో కాళ్ళు పెట్టించే ముందు నీటి వేడిని చేసేవారు తమ మోచేతితో చూడవలెను. నూనె రాసిన పాదాలను తుడవకుండా గచ్చుపై నడిపించటం వంటి చిన్న అజాగ్రత్త కూడా నిండు గర్భిణికి పెద్ద ప్రమాదమే.

శిక్షణ, చట్టం

మన దేశంలో రిఫ్లెక్సాలజీకి ప్రత్యేకంగా చట్టబద్ధమైన మండలి గానీ, రిజిస్టరు గానీ లేదు. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో ఫిజియోథెరపీ వంటి వృత్తులు ఉన్నాయి, రిఫ్లెక్సాలజీ లేదు. ప్రకృతి వైద్యంలో బీఎన్‌వైఎస్ పట్టభద్రులు ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర సంవత్సరాలు చదివి, మర్దనతో పాటు శరీర నిర్మాణం, వ్యాధి లక్షణాలు కూడా నేర్చుకొంటారు. నైపుణ్యాభివృద్ధి వ్యవస్థలో సౌందర్య, వెల్‌నెస్ రంగ మండలి స్పా థెరపిస్టు కోర్సులను రూపొందించింది. అది స్పా ఉద్యోగానికి తగిన శిక్షణ; గర్భిణీ సంరక్షణకు అర్హత కాదు. కొద్ది రోజుల తరగతులకు హాజరై పొందిన ధ్రువపత్రాన్ని గోడకు తగిలించి పేరుకు ముందు ‘డాక్టర్’ అని రాసుకొనే పద్ధతిని ఏ కోణం నుండి చూసినా సమర్థించటానికి వీలులేదు.

ఒక వైద్య విధానంలో అర్హత లేకుండా ఆ విధానంలో చికిత్స చేయటమే నిర్లక్ష్యం అగునని సుప్రీంకోర్టు 1996లో పూనం వర్మ కేసులో స్పష్టం చేసింది. కావున అలసట తీర్చే మర్దనకు, వ్యాధిని నయం చేస్తానని చెప్పే చికిత్సకు మధ్య గీత చాలా ముఖ్యం. ‘పాదాలకు హాయినిచ్చే మర్దన’ అని బోర్డు పెట్టుకొన్నవారు ఒక సేవను అందిస్తున్నారు. ‘గర్భిణుల బీపీ, షుగర్ తగ్గిస్తాం’, ‘అడ్డం తిరిగిన బిడ్డను సరిచేస్తాం’ అని రాసినవారు వైద్యం చేస్తున్నట్లు ప్రకటిస్తున్నారు. ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషను కొరకు ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి చట్టం ఉన్నందున, రెండవ రకం ప్రకటనలు కనిపించినప్పుడు అది ఏ రిజిస్ట్రేషను కింద నడుస్తున్నదని విచారించటం సంబంధిత అధికారుల బాధ్యత.

బ్రిటన్‌లో రిఫ్లెక్సాలజీ చేసేవారికి స్వచ్ఛంద రిజిస్టరు ఉన్నది. అక్కడ కూడా గర్భిణులకు చేయటం సాధారణ శిక్షణతో సరిపోదని, గర్భధారణలో శరీరంలో కలిగే మార్పులను విడిగా అభ్యసించవలెనని డెనిస్ టిరాన్ వంటి మంత్రసాని వృత్తి నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు.

శిక్షణ ఎలా ఉండవలెనన్న దానికి విదేశాల వైపు చూడనవసరం లేదు. మన దేశంలో మంత్రసానులకు ప్రభుత్వం దశాబ్దాల పాటు శిక్షణ ఇచ్చింది. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, శుభ్రమైన బ్లేడు, బొడ్డుతాడుకు శుభ్రమైన దారం, శుభ్రమైన బొడ్డు అనే అయిదు శుభ్రతలను నేర్పి, కిట్లు అందజేసింది. ధనుర్వాతం వంటి వ్యాధుల నివారణకు అది తోడ్పడింది. అయితే రక్తస్రావం, గుర్రపు వాతం వంటి వాటిని కిట్టుతో ఆపటం సాధ్యం కాలేదు. సకాలంలో ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు లేనిచోట శిక్షణ ఒక్కటే తల్లి ప్రాణాన్ని కాపాడలేదని అనుభవంలో తేలింది. 1992లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ఐక్యరాజ్యసమితి జనాభా నిధి సంయుక్త ప్రకటనలో మంత్రసానులను ఆరోగ్య వ్యవస్థతో అనుసంధానించవలసిన అవసరాన్ని ప్రస్తావించాయి. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌లో ఆశా కార్యకర్త, జననీ సురక్ష యోజన ద్వారా ఆసుపత్రి కాన్పులకు ప్రాధాన్యం లభించింది. అదే సంవత్సరం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు సేవలు మొదలయ్యాయి. 2019–21 నాటికి రాష్ట్రంలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రులలో జరిగాయి. 2018–20 గణాంకాల ప్రకారం రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకు 45 మాతృ మరణాలు నమోదు కాగా, దేశ సగటు 97గా ఉన్నది.

తెలంగాణలో 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ సహకారంతో కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభమైంది. శిక్షణ కాలం 18 నెలలు. మరుసటి సంవత్సరం కేంద్ర ప్రభుత్వం మిడ్‌వైఫరీ సేవలపై జాతీయ మార్గదర్శకాలను విడుదల చేసింది. నొప్పుల సమయంలో నడుము రుద్దటం, కాపడం పెట్టటం, అటూఇటూ నడిపించటం, ధైర్యం చెప్పటం ఈ నర్సులు చేసే పనులలో భాగం. అయితే ఆ చేతికి వెనుక రక్తపోటు చూడటం, బిడ్డ గుండె చప్పుడు వినటం, ఎప్పుడు డాక్టరును పిలవవలెనో తెలియటం ఉన్నాయి. నర్సుగా అర్హత పొందిన వ్యక్తికే మరో 18 నెలలు అవసరమైనప్పుడు, వారాంతపు తరగతి సరిపోదని వేరుగా వివరించనవసరం లేదు.

పాద మర్దన కేంద్రాలను పరిశీలించే అధికారులు, వాటి గురించి రాసే పాత్రికేయులు కొన్ని సూటి ప్రశ్నలు అడగవచ్చు. గర్భిణి వచ్చిన వెంటనే ఎన్నవ నెల అని అడుగుతున్నారా? ఆమె వద్దనున్న మాతా శిశు సంరక్షణ కార్డును తెరచి చివరిసారి రక్తపోటు ఎంత ఉన్నదో చూస్తున్నారా? కేంద్రంలో బీపీ యంత్రం ఉన్నదా, దానిని వాడటం వచ్చునా? వెనక్కి పంపిన గర్భిణుల వివరాలు రాసిన పుస్తకం ఉన్నదా? చివరి ప్రశ్నకు వచ్చే జవాబు అన్నిటికంటె ఎక్కువ విషయం చెబుతుంది. సంవత్సరం పొడవునా ఒక్కరినైనా మర్దన చేయకుండా ఆసుపత్రికి పంపని కేంద్రంలో అందరూ ఆరోగ్యవంతులే వచ్చి ఉండాలి, లేదా అక్కడ ఎవరూ చూసి ఉండరు.

పాత్రికేయులకు మరొక మనవి. ‘పాదం నొక్కితే సుఖ ప్రసవం’ వంటి శీర్షికలు పాఠకులను ఆకట్టుకుంటాయి. పరీక్షలకు వెళ్ళవలసిన గర్భిణిని ఇంటివద్దనే ఉంచే శక్తి కూడా వాటికి ఉన్నది. అదే విధంగా మర్దన చేసి జీవించే స్త్రీలందరినీ మోసగాళ్ళుగా చిత్రించటం న్యాయం కాదు. వారిలో పలువురికి మంత్రసాని కుటుంబాల నుండి వచ్చిన నేర్పు, ఓర్పు ఉన్నాయి. ఆశా కార్యకర్తల నెలవారీ సమావేశాలకు వారిని కూడా పిలిచి, ప్రమాద సూచనలను చూపించి, ఎవరికి ఫోన్ చేయవలెనో చెప్పినచో గ్రామానికి అదనంగా ఒక జత కళ్ళు లభిస్తాయి. దీనికి పెద్దగా ఖర్చు కూడా అవసరం లేదు.

2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో నాలుగవ నెల నుండి గర్భిణులకు డాక్టరు ఉచితంగా పరీక్షలు చేస్తారు. తలనొప్పి, చూపు మసకబారటం, ముఖం వాపు, ఒకే కాలి వాపు, రక్తస్రావం, మూర్ఛ కనిపించినచో ఆ తేదీ వరకు ఆగకుండా 108కు ఫోన్ చేయవలెను. మార్గమధ్యంలో ఎడమవైపుకు ఒత్తిగిలి పడుకోబెట్టి, మాతా శిశు సంరక్షణ కార్డును వెంట తీసుకువెళ్ళవలెను.